నిలువెత్తు బియ్యం

వరంగల్ స్టేషన్‌లో బరువు చూసే మిషన్ ఒకటుండేది. ఎక్కి నిలబడి నాణెం వేస్తే ఎర్ర లైట్లు, పచ్చ లైట్లు గిర్రున తిరిగి, చిన్న అట్టముక్క మీద బరువూ, దాని వెనక జాతకమూ అచ్చయి ఠక్కున పడేవి. హైస్కూల్లో సోషల్ చెప్పే సారంగపాణి సారుకు ఒకప్పుడు ఆ మిషన్ అంటే మహా ఇష్టం. హైదరాబాదు వెళ్లినప్పుడల్లా జాతకం చూసుకోనిదే బండెక్కేవాడు కాదు. 'మీ పేరు నలుగురి నోట్లో నానుతుంది' అని వచ్చిన టికెట్టును ఏడాది పాటు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాడు. అలాంటి మనిషి పందొమ్మిది వందల ఎనభై అయిదు తర్వాత ఆ మిషన్ ఉన్న వైపు నడవడమే మానేశాడు. కొడుకు చెయ్యి పట్టి లాగినా వెళ్లలేదు. "సారు బరువెక్కిండు, చూసుకోవాలంటే భయం" అని తోటి పంతుళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ పాపం, వాళ్లకేం తెలుసు!

ముందే ఒక మాట చెప్పుకోవాలి. సారంగపాణి చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ కథే లేదు, హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. ధర్మసాగర్ పక్క పల్లెలో కూలి చేసుకునే ఇంట్లో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి చిలుకమ్మ నాట్లకు పోయి, కలుపుకు పోయి తెచ్చిన జొన్నలతో గటక వండి కొడుక్కి పెట్టేది. "నువ్వు తినవా అవ్వా?" అని అడిగితే, "నేను ఇందాకనే తిన్న బిడ్డా" అనేది. ఎప్పుడడిగినా ఇందాకనే తిన్నది. ఆ ఇందాక ఏనాడూ లేదని పిల్లవాడికి తెలిసేసరికి పదేళ్లు వచ్చాయి.

పెద్దయ్యాక ఎవరైనా ఆకలి గురించి మాట్లాడితే చాలు, సారంగపాణి ఛాతీ విరుచుకునేవాడు. "ఆకలి సంగతి నాకు చెప్తరా? దాని ఇంటిపేరు సుత నాకెరుకే!" అనేవాడు. అదిగో, అక్కడే దెబ్బతిన్నాడు. అన్నీ తెలుసనుకున్నవాడికి ముందున్నది కనపడదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో స్టేషన్ ఘన్‌పూర్‌లో పనిచేశాడు. అక్కడ బడిపిల్లలకు అమెరికా నుంచి వచ్చిన గోధుమ నూకతో ఉప్మా వండి పెట్టేవాళ్లు. పిల్లలు గిన్నెలు పట్టుకుని వరుస కడితే తానే గరిటె పట్టేవాడు. "ఎవరో మనకు పెడుతాండ్రు. రేపు మనం ఎవరికో పెట్టాలె" అని రోజూ చెప్పేవాడు. డెబ్భై ఏడులో కోస్తాలో ఉప్పెన వచ్చి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయేనాటికి వరంగల్‌లో హైస్కూలుకు మారాడు. పిల్లల చేత ఒక దుప్పటి నాలుగు కొసలూ పట్టించి బజారంతా తిప్పాడు. చీరలు, చొక్కాలు, చిల్లర, ఒకామె అప్పుడే పెనం మీంచి దించిన జొన్నరొట్టెలు, అన్నీ ఆ దుప్పట్లో పడ్డాయి. పేపర్లో ఫోటో పడింది. అప్పటి నుంచి ఆయన పేరు చందాల సారు. ఆ పేరు పెట్టి పిలిస్తే పైకి కసురుకునేవాడు గానీ, లోపల పాయసం తాగినట్టుండేది.

ఎనభై నాలుగు చివర్లో ఇథియోపియా కరువు వార్తలు వచ్చాయి. పేపర్లో వేసిన ఒక పిల్లవాడి ఫోటో కత్తిరించి, సారంగపాణి తన ఏడో తరగతి బి సెక్షన్ గోడకు అంటించాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. రెండో బెంచీలో కూర్చునే సారలమ్మ అనే పిల్ల లేచి గోడకున్న మ్యాపు దగ్గరికి పోయి, ఆఫ్రికాలో ఆ దేశం ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది.

"సార్, గాళ్లకు గటక గూడ లేదా?" అని అడిగింది.

"ఏం లేదు బిడ్డా. చెట్ల ఆకులు తింటాండ్రట."

ఆ పిల్ల తన చోటికి పోయి కూర్చుంది గానీ, గంట కొట్టేదాకా ఫోటో వైపే చూసింది. ఎంత సున్నితమైన మనసో అని సారు మురిసిపోయాడు. ఆ చూపు ఎందుకంత సేపు నిలిచిందో ఆయనకు తట్టలేదు.

హెడ్మాస్టర్ రాజేశ్వర్ రావు పిలిచి, "సారంగపాణీ, జనవరి ఇరవై ఆరుకు జెండా పండుగ నాడు ఏదన్న చెయ్యాలె. దుప్పటి పట్టుకొని తిరుగుడు పాతదైంది. కొత్తగ చూడు" అన్నాడు.

కొత్తది మేడారం నుంచి తట్టింది. సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు తక్కెడలో ఒకవైపు కూర్చుని, రెండోవైపు తమంత బరువు బెల్లం జోకించి అమ్మవార్లకు ఇస్తారు. దాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. నిలువెత్తు బంగారం. అంతకు ముందు జాతరకు సారంగపాణి భార్య నిర్మల, టైఫాయిడు తగ్గిన కొడుకును అలాగే జోకించింది. పిల్లవాడు పళ్లెంలో కూర్చుని పైకి లేస్తుంటే చుట్టూ జనం చేతులు జోడించారు. అది గుర్తొచ్చి సారు ఎగిరి గంతేశాడు. బెల్లం బదులు బియ్యం! ఒక్కో క్లాసు తమలో ఒకరిని కాంటలో కూర్చోబెట్టాలి. ఆ పిల్లంత బరువు బియ్యం క్లాసంతా కలిసి తేవాలి. బియ్యం పళ్లెం కిందికి దించిన క్లాసుకే షీల్డు. వచ్చిన బియ్యం అమ్మి, ఆ సొమ్ము కరువు దేశానికి పంపాలి.

"కూసునేది ఎవ్వలు?" అన్నాడు రాజేశ్వర్ రావు.

"వాళ్ల ఇష్టం సార్. ఎవరి క్లాసు వాళ్లదే."

మిగతా క్లాసులు గొప్పకు పోయాయి. పదో తరగతి వాళ్లు తమ లీడరును ఎన్నుకున్నారు. తొమ్మిదో తరగతి వాళ్లు కిరాణా షాపు షావుకారి కొడుకును, ఒడ్డూ పొడుగూ ఉన్నవాణ్ని కూర్చోబెడతామని మీసం మెలేశారు. సారంగపాణి క్లాసు పిల్లలు హమాలీల పిల్లలు, బీడీలు చుట్టేవాళ్ల పిల్లలు, రిక్షా తొక్కేవాళ్ల పిల్లలు. వాళ్లెంత తెస్తారు? మనవాళ్లే ఓడిపోతే చందాల సారు మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అనరూ!

అందుకని శనివారం జెండా పండుగనగా సోమవారం నాడు ఒక ఎత్తు వేశాడు. పిల్లలను వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ చంకల కింద చేతులు పెట్టి లేపి చూశాడు. సంతలో మేకపిల్లను లేపి చూసినట్టే. ఒకణ్ని లేపి "బండ" అన్నాడు, ఇంకొకణ్ని లేపి "రోలు" అన్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. సారలమ్మను లేపేసరికి ఆయన చేతులు అనుకున్నదానికంటే పైకి పోయాయి.

"ఇగో, దొరికింది పిట్ట!" అని గట్టిగా అరిచాడు. "ఏందే, గాలి బోసుకొని తిరుగుతానవా? మనదే షీల్డు!"

క్లాసు చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో నోరు ఊరుకుందా? "సారలమ్మా, శనివారం దాక జర తక్కువ తిను బిడ్డా. మన క్లాసు ఇజ్జత్ నీ పొట్టల ఉన్నది!" అన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. సారలమ్మ నవ్వలేదు. బుద్ధిగా తలూపింది.

ఆ పిల్ల తండ్రి కట్టయ్య నేతపని చేసేవాడు. ఇక్కడ మగ్గం నడవక బొంబాయి దగ్గరి భివండీ మిల్లులకు పోయాడు. మొదట్లో నెలనెలా మనియార్డరు వచ్చేది. తర్వాత ఉత్తరాలు వచ్చేవి. తర్వాత అవీ రాలేదు. తల్లి మొగిలమ్మ పొద్దున లేచింది మొదలు బీడీలు చుడుతుంది. వంట సారలమ్మే చేస్తుంది. ఇవన్నీ సారుకు తెలుసా అంటే తెలుసు. హాజరు పట్టీలో తండ్రి పని అన్న చోట ఆయనే రాసుకున్నాడు. తెలిసినదాన్ని తెలిసినట్టు చూడాలి కదా, అది చేయలేదు.

శనివారం వచ్చింది. జెండా ఎగరేశారు. బియ్యం బజారు నుంచి తెచ్చిన పెద్ద కాంటను మూడు వెదురుగుంజలకు వేలాడదీశారు. ముఖ్య అతిథిగా రైసుమిల్లు యజమాని ఒకాయన వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. పదో తరగతి లీడరు కూర్చుంటే వాడి పళ్లెం నేలకు అతుక్కుపోయింది, తెచ్చిన బియ్యమంతా పోసినా కదల్లేదు. షావుకారి కొడుకు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆఖరున ఏడో తరగతి బి సెక్షన్ వంతు వచ్చింది.

సారలమ్మ తలకు నూనె రాసుకుని, రెండు జడలు వేసుకుని వచ్చింది. పళ్లెంలో మఠం వేసుకుని గొలుసులు పట్టుకుంది. రెండో పళ్లెంలో బియ్యం పోశారు. గట్టిగా అర బస్తా కూడా పోయలేదు, సారలమ్మ గాలిలోకి లేచింది. మైదానమంతా ఈలలు, చప్పట్లు. ముఖ్య అతిథి లేచి నిలబడి, "పిల్ల గాదు, పిట్ట!" అన్నాడు. సారు మాటే ఆయన నోటా వచ్చింది. సారంగపాణి మైకు అందుకుని, "వచ్చే ఏడు సుత మా క్లాసు నుంచి సారలమ్మే కూసుంటది! ఎవరన్న గెలుస్తరేమో చూద్దాం!" అని సవాలు చేశాడు. ఫోటో తీశారు. మెడలో దండ వేసుకుని పళ్లెంలోంచి దిగిన పిల్ల రెండడుగులు వేసి తూలింది. పక్కనే ఉన్న అటెండరు అబ్బాస్ పట్టుకోకపోతే పడిపోయేది.

"ఎండ దెబ్బ" అన్నాడు సారంగపాణి.

జనవరి నెలలో, పొద్దున తొమ్మిదింటికి ఎండ దెబ్బేమిటో!

అబ్బాస్ ఆ పిల్లను స్టాఫ్ రూములో కూర్చోబెట్టి చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి ముందు పెట్టాడు. షీల్డు చంకలో పెట్టుకుని సారు కూడా వచ్చాడు. పిల్ల బిస్కెట్టు ముట్టుకోలేదు.

"సార్, మళ్ల జోకుతరా?" అని అడిగింది.

"లేదు బిడ్డా, అయిపోయింది. గెలిచినం. తిను."

అప్పుడు బిస్కెట్టు చాయ్‌లో ముంచింది. అది సగం విరిగి కప్పులో పడింది. "నేను సోమవారం సంది తింటలేను సార్. రాత్రిపూట జరంత గంజి తాగిన, గంతే" అన్నది. ఆ గొంతులో ఫిర్యాదు లేదు. హోంవర్కు చేశానని చెప్పే పిల్ల గొంతు అది. "వంట నేనే చేస్త గద సార్. నా పాలు బియ్యం ఎసట్ల పొయ్యకుంట తీసి పెట్టిన. అమ్మ అడిగితే తిన్ననని చెప్పిన. నేను తినని బియ్యమే సార్ నేను తెచ్చింది. అటు నేను అల్కగయిన, ఇటు బియ్యం గూడ అయినయి."

సారంగపాణి చంకలోంచి షీల్డు జారింది. పట్టుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. ఆ క్షణంలో ఏం చేయాలి? పిల్లను చంకనేసుకుని ఇంటికి తీసుకుపోయి, తల్లి ముందు నిలబడి, తప్పయింది తల్లీ అనాలి. ఆయనకూ అదే అనిపించింది. కానీ బయట మైదానంలో ఇంకా చప్పట్లు వినపడుతున్నాయి, ముఖ్య అతిథి ఆయన కోసమే చూస్తున్నాడు. వంగి, పిల్ల చెవి దగ్గర, "ఈ మాట ఎవ్వలకు చెప్పకు బిడ్డా, సరేనా?" అన్నాడు.

"చెప్ప సార్" అన్నది సారలమ్మ.

అబ్బాస్ ఖాళీ కప్పు తీసుకున్నాడు. సారుకంటే పదేళ్లు పెద్దవాడు, ఎన్నడూ ఎదురు మాట్లాడినవాడు కాదు. "మేం రోజా ఉంటే పొద్దుగూకంగనే ఇఫ్తార్ ఉంటది సార్" అన్నాడు. "ఈ పిల్లకు ఇఫ్తార్ ఎవ్వలు పెడ్తరు?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

సొమ్ము పంపించారు. పేపర్లో ఫోటో పడింది. గాలిలో సారలమ్మ, పక్కన నవ్వుతూ సారంగపాణి. నిర్మల దాన్ని కత్తిరించి ఫ్రేము కట్టించి ముందు గదిలో పెట్టింది. "ఎంత మంచి పని చేసిండ్రు! అందరు అడుగుతాండ్రు" అని మురిసిపోయింది. అన్నానికి కూర్చుంటే ఆ ఫోటో సరిగ్గా ఎదురుగా ఉండేది. సారంగపాణి పీట మార్చి గోడ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్కడ గాలి వస్తుందని అబద్ధం చెప్పాడు. తేలు కుట్టిన దొంగకు మందు ఎవరు వేస్తారు? భార్యకైనా చెప్పుకోలేకపోయాడు.

క్లాసులో సారలమ్మ ఎప్పటిలాగే రెండో బెంచీలో కూర్చునేది. ఆయన అటు చూడకుండా పాఠం చెప్పేవాడు. ప్రశ్నలు అడిగేటప్పుడు ఆ బెంచీ దాటేసేవాడు. పిల్ల చెయ్యెత్తి ఎత్తి దించేసేది. ఫిబ్రవరి వెళ్లేసరికి ఆ చెయ్యి లేవడం తగ్గింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. మార్చి మొదటి వారంలో నాలుగు రోజులు బడికే రాలేదు. హమ్మయ్య అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు! పిల్ల రాకపోతే ఏమైందోనని కాక, చూడనక్కర్లేదు కదా అని. తర్వాత తలుచుకున్నప్పుడల్లా, అన్నిటికంటే ఎక్కువ ఈ ఒక్కదానికే తన చెంప తాను వాయించుకోవాలనిపించేది.

అయిదో రోజు మొగిలమ్మ బడికి వచ్చింది. చేతిలో పాత గుడ్డ మూట. వెనక తలుపు దగ్గర సారలమ్మ నిలబడింది. స్టాఫ్ రూములో సారంగపాణి, చాయ్ కప్పులు సర్దుతున్న అబ్బాస్ తప్ప ఎవరూ లేరు. మొగిలమ్మ మూటను బల్ల మీద పెట్టి విప్పింది. బియ్యం.

"సారూ, ఇది జర చూడుండ్రి. పొయ్యి ఎనుక కుండల దాసింది. నెల రోజుల సంది పిల్ల ఎండిపోతాంది. కాంటల కూసున్ననాడు మస్తు మంది కండ్లు పడ్డయని దిష్టి తీసిన. దవాఖానకు తీస్కపోయిన. సూది మందు ఏసిండ్రు. నిన్న ఇల్లు ఊడుస్తాంటే గీ బియ్యం దొరికినయి. దీని పాలు ఇది తినకుంట దాస్తాంది సారూ! ఎందుకే అని కొట్టిన. ఎంత కొట్టినా ఒక్కటే మాట, 'సార్ చెప్పొద్దన్నడు' అంటది." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏం చెప్పొద్దన్నరు సారూ?"

వచ్చే ఏడు కూడా సారలమ్మే కూర్చుంటుందని మైకులో తాను చేసిన సవాలు సారంగపాణి చెవుల్లో గింగురుమంది. పిల్ల వచ్చే ఏడు కోసం తయారవుతోంది! ఇప్పటి నుంచే కూడబెడుతోంది! ఒక్క నిజం చెబితే చాలు. తల్లి అడుగుతోంది, పిల్ల తలుపు దగ్గర ఉంది, ఇంతకంటే మంచి సమయం రాదు.

"నాకేం తెలుసమ్మా?" అన్నాడు. "నేనేం చెప్పలేదు. పిల్లలు ఏదో అంటరు."

తన గొంతు తనకే వినపడింది. తలుపు వైపు చూడకుండా ఉండలేకపోయాడు. సారలమ్మ ఆయననే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, కనీసం ఆశ్చర్యమైనా లేదు. ఒక్క క్షణం ఆలోచించింది, అంతే.

"అవునమ్మా. సార్ ఏం చెప్పలే. నేనే అబద్ధమాడిన. నేనే దాసిన" అన్నది.

మొగిలమ్మ పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది. గట్టిగా కాదు, అలసిపోయిన దెబ్బ. "సారు మీద అబద్ధమాడుతవానే? సారూ, ఏమనుకోకుండ్రి" అని దణ్ణం పెట్టి, మూట కట్టుకుని, పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. ఆమె దణ్ణం పెట్టింది! ఆయనకు!

ఆ రోజు అబ్బాస్ ఆయనకు చాయ్ తేలేదు. అందరికీ తెచ్చాడు, ఆయన ముందు మాత్రం కప్పు పెట్టలేదు. సారంగపాణి అడగలేదు. అడిగే మొహం ఎక్కడిది? పన్నెండేళ్ల పిల్ల ఆయన పరువు కాపాడటానికి దెబ్బ తిన్నది. ఆయన అప్పటిదాకా కాపాడుకుంటూ వచ్చింది ఈ పరువునేనా!

ఆఖరి గంట కొట్టగానే సైకిలు తీశాడు. ఇంటి వైపు తిప్పబోయి, కాలు నేల మీద ఆన్చి కాసేపు నిలబడి, మొగిలమ్మ వాళ్లుండే గిర్మాజీపేట వైపు తిప్పాడు. దారి పొడుగునా వెనక్కి పోదామనే అనుకున్నాడు. రెండుసార్లు దిగాడు కూడా. ఎలా తొక్కాడో, బీడీ ఆకు వాసన వేసే సందులోకి వచ్చి పడ్డాడు.

మొగిలమ్మ గడపలో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. సారును చూసి గాభరాగా లేవబోయింది. సారలమ్మ లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"లేవకమ్మా. కూసో" అన్నాడు. ఆయన మాత్రం కూర్చోలేదు. దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "పొద్దున నేను చెప్పింది అబద్ధం. పిల్ల చెప్పిందే నిజం. నేనే తక్కువ తినుమన్న. నవ్వులాటకు అన్న, అది నిజమనుకున్నది. అయిదు రోజులు తినలేదని నాకు అప్పుడే చెప్పింది. ఎవ్వలకు చెప్పకని నేనే అన్న. వచ్చే ఏడు సుత నువ్వే అని మైకుల అన్న. అందుకే దాస్తాంది."

మొగిలమ్మ చేతిలో కత్తెర ఆగింది. అరుస్తుందనుకున్నాడు, అరిస్తే బాగుండుననుకున్నాడు. ఆమె కత్తెరను చేటలోని ఆకుల మీద పెట్టింది.

"కాంటల కూసోవెట్టేటప్పుడు అడగాలె గద సారూ" అన్నది. పొద్దుటి 'మీరు' పోయింది. "ఈడొచ్చిన పిల్ల, ఇంత అల్కగ ఎందుకున్నదని నువ్వు ఒక్కసారన్న అడగాలె గద."

ఆయన తన పాదాల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఛాతీ విరుచుకుని తిరిగిన మనిషి, ఆకలి ఇంటిపేరు కూడా తెలుసన్న మనిషి!

మొగిలమ్మ చేట పక్కన పెట్టి లేచింది. "అన్నవు గద, ఇప్పుడు తినుమని గూడ నువ్వే చెప్పు" అని లోపలికి నడిచింది. ఆయన వెనకే వెళ్లి సారలమ్మ ముందు నేల మీద కూర్చున్నాడు.

"తిను బిడ్డా. వచ్చే ఏడు కాంట లేదు. ఇంకెన్నడు లేదు. నాదే తప్పు" అన్నాడు.

పిల్ల ఆయన మొహం వైపు అనుమానంగా చూసింది. ఒకసారి తక్కువ తినమన్నాడు, ఒకసారి చెప్పొద్దన్నాడు, పొద్దున చెప్పనే లేదన్నాడు. ఈ సారు మాటల్లో ఏది పట్టుకోవాలి? "ఆకలైతలేదు సార్" అన్నది. అది అబద్ధం కూడా కాదేమో, పొట్ట అలవాటు పడిపోయింది.

మొగిలమ్మ ఒకే పళ్లెంలో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి, ఇద్దరి మధ్య పెట్టింది. పొద్దున బడికి తెచ్చిన మూట బియ్యమే వండినట్టుంది, విప్పిన గుడ్డ పొయ్యి పక్కన పడి ఉంది.

"సారు తింటే తింటవా?" అని కూతుర్ని అడిగింది.

సారలమ్మ తలూపింది.

"అయ్యో, నాకొద్దమ్మా, నేను ఇంట్ల..." అన్నాడు సారంగపాణి.

"నీకు ఆకలి లేదని నువ్వంటే, అది గూడ గదే అంటది. తిను సారూ."

ఆయన చెయ్యి కడుక్కుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఆ పిల్ల కడుపులో పడకుండా దాచిన బియ్యం. నమిలి మింగాడు. సారలమ్మ ఆయన దవడలు కదలడం చూసి, చిన్న ముద్ద తీసుకుని నమిలింది. ఆయన ఇంకోటి, పిల్ల ఇంకోటి. ఆయన ఆగితే పిల్ల చెయ్యి ఆగుతోంది. ఆయన తింటే తింటోంది. నాలుగు ముద్దలయ్యేసరికి పిల్ల పులుసులో ఉల్లిగడ్డ ముక్క వెతుక్కుంది. మొగిలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పళ్లెం సగమయ్యాక ఆమె గిన్నె వంచి, ఉన్నదంతా గరిటెతో గీకి పళ్లెంలో వేసింది. గరిటె అడుగుకు తగిలిన చప్పుడు ఎలాంటిదో సారంగపాణికి చిన్నప్పటి నుంచీ తెలుసు. తలెత్తి చూశాడు.

"మరి నువ్వు తినవా అమ్మా?" అన్నాడు.

"నేను ఇందాకనే తిన్న సారూ" అన్నది మొగిలమ్మ.

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. కళ్లలో నీళ్లు నిండి అన్నం మసకబారింది. లేచి పారిపోవాలనిపించింది. చెయ్యి ఆగగానే, ఎదురుగా సారలమ్మ చెయ్యి కూడా ముద్దతో సహా నోటి దగ్గర ఆగింది. పిల్ల ఆయన వైపే చూస్తోంది.

సారంగపాణి తల వంచుకుని ఇంకో ముద్ద కలిపాడు.